కొర్రమట్ట ఏడ పడ్తదో పంతులుకు తెలుసు

దయ్యాల ముచ్చట ఎవరన్న మొదలువెడితే నేను చాయ్ గిలాస పట్టుకొని లేచి అవుతలికి వోత. నాకు అసుంటి వాటి మీద నమ్మకం లేదు, ఓపిక అంతకన్న లేదు. లేత్ మిషన్ మీద బతికినోణ్ణి. వెంట్రుక మందం తేడా వచ్చినా ఆ ముక్కను పక్కకు పారేసిన మనిషిని. కొలిస్తే తెల్వాలె, లేకుంటే లేదు, గంతే. మా ఇంటామె జాతకం సూపిస్తనంటే ఇప్పటికీ నవ్వుత.

గని ఒక్కటున్నది. దాన్ని ఎన్ని తీర్ల కొలిచినా నాకు అందలే. అండ్ల దయ్యం లేదు, శ్మశానం లేదు. ఒక చేప ఉన్నది, మా నాయిన పాణం ఉన్నది. పట్టపగలు జరిగింది.

అరవైల ఆఖరు మాట. మాది ఉప్పల్. అప్పటి ఉప్పల్ ఎట్లుండెనో ఇప్పటోళ్లకు చెప్తే నమ్మరు. ఒక దిక్కు ద్రాక్ష తోటలు, ఒక దిక్కు వరి మడులు. వరంగల్ రోడ్డు మీద లారీ వస్తే పిల్లలు ఉరికొచ్చి సూసేటోళ్లు. నాచారంల అప్పుడప్పుడే కంపెనీలు లేస్తుండె. అండ్ల ఒక దాంట్ల నేను టర్నర్ని. పొద్దుగాల సైకిల్ మీద వోవుడు, మాపటికి వచ్చుడు.

నాకు ఇద్దరే దోస్తులు. మల్లేశ్‌ది నాచారం ఊరే. వాళ్ల పొలం కంపెనీ కింద వోతే, కంపెనీ గేటు కాడనే వాడు నౌకరికి నిలవడ్డడు. "నా మక్క చేన్ల నేనే సలాం కొడుతున్న" అని నవ్వేటోడు. రెండోవాడు మూర్తి. రైల్వేల క్లర్కు. మౌలాలి క్వార్టర్లల్ల వాళ్లమ్మతోని ఉండేటోడు. గోదావరి దిక్కు బ్రాహ్మలు. తండ్రి లేడు. మేము వాణ్ణి పంతులు అని పిలిచేది. వాడు "వచ్చానురా, వెళ్లానురా" అంటే మేము ఎక్కిరించేది. మేము గిట్ల గట్ల అంటే వాడు ఇరగవడి నవ్వేది.

ఐతారం వచ్చిందంటే ముగ్గురం నాచారం చెరువు కట్ట మీదనే. నాకూ మల్లేశ్‌కూ గాలాలు. పంతులు ఉత్త చేతులతోని వచ్చేటోడు. చేప తినడు, ముట్టడు, ఎర గుచ్చుతుంటే మొఖం తిప్పుకునేటోడు. "మరి ఎందుకొస్తవ్ రా?" అంటే "గాలికి" అనేటోడు. మౌలాలి గుట్ట దిక్కుకెళ్లి చల్లటి గాలి వచ్చేది నిజమే. ఆ గాలి యాదికొస్తే ఇప్పుడు గూడ నా పెయ్యి హాయిగైతది.

మొదటిసారి ఎట్ల జరిగిందో చెప్త. పొద్దటిసంది కూసున్నం, బెండు కదుల్తలేదు. పంతులు ఏదో పాట కూనిరాగం తీస్తున్నోడు ఆపి, "ఒరే, అదిగో ఆ జమ్ము పక్కన, జానెడు ఇవతల వెయ్యి" అన్నడు. ఊకె నవ్వుకుంట ఏసిన. బెండు నీళ్ల మీద సక్కగ నిలవడకముందే లోపలికి గుంజింది. కొర్రమట్ట. నల్లగ నిగనిగ మెరుస్తున్నది.

తుక్కల, అదృష్టానికి తగిలిందనుకున్నం. గని అటెంక ఐతారం గట్లనే. అటెంక గూడ గట్లనే. వాడు రోజంత చెప్పేటోడు గాదు. ఏదో ఒక యాళ్ల మాట మధ్యల ఆగి వేలు వెట్టి సూపేటోడు. సూపినంక తప్పేది గాదు.

మల్లేశ్ చెరువుల పుట్టి పెరిగినోడు. వాడు మొదలు నమ్మలే. "కొర్రమట్ట పిల్లలు ఎర్రగ గుంపు గట్టి పైకి తేల్తయి, కింద తల్లి కావలుంటది. గా ఎరుపు సూసి చెప్తున్నడు, గింతే" అన్నడు. నాకు గూడ గదే నచ్చింది. సరే సూద్దామని ఒకనాడు వాని కండ్లకు నా తువ్వాల గట్టి, మూడు సుట్లు తిప్పి, రోడ్డు దిక్కు మొఖం వెట్టించి కూసోవెట్టినం. జరసేపైనంక వాడు ఎన్కకు చెయ్యి చాపి, భుజం మీదికెళ్లి వేలు సూపిండు. మల్లేశ్ గాడ ఏసిండు. పడ్డది. "ఓరి నీ యవ్వ!" అని గాలం ఇడిచిపెట్టి వాని దిక్కే సూస్తుండు. నేను ఉరికొచ్చి పట్టుకోకుంటే చేపా, కట్టె రెండూ నీళ్లల్ల వోతుండె.

ఎట్ల తెలుస్తది రా అంటే వానికే తెల్వదు. "కుడి అరచెయ్యి లాగుతుందిరా. ఎవరో చిన్నపిల్లాడు వేలు పట్టుకుని రమ్మన్నట్టు" అన్నడు. గంతకన్న ఏమీ చెప్పలే.

అవి మస్తు మంచి దినాలు. చింత కింద మూడు రాళ్లు వెట్టి మేము చేప కాల్చుకునేది, పంతులు గాలి ఎటు వస్తుందో సూస్కొని పొగ తగలకుంట అవుతల కూసొని అటుకులు తినేటోడు. ఏం మాట్లాడుకున్నమో ఒక్కటి యాదిలేదు. నవ్వింది మాత్రం యాదున్నది.

మల్లేశ్ చేసిన పనితోని అదంత బందైంది. మా దిక్కు ఒక రివాజు. గాలం ఏసేటప్పుడు చెరువు కాడ ఎవ్వలుంటే వాళ్లందరికి వాటా వడాలె, ఊకె కూసున్నోనికి గూడ. ఇయ్యకుంటే ఆ నీళ్లల్ల మల్ల చేప దొరకదంటరు. మల్లేశ్‌కు గది మనసుల గుచ్చుతుండె. ఇన్ని దినాలసంది పంతులు వాటా మేమే తింటున్నమని వానికి ఫికర్. నాతోని అనలే, పంతులుతోని అనలే. ఒక ఐతారం పొద్దుగాల బతికున్న కొర్రమట్ట మొప్పలకు తాటాకు గుచ్చి, అది తోక కొట్టుకుంటుండంగ పట్టుకవోయి, మౌలాలి క్వార్టర్ల ఆ మడి కట్టుకున్న తల్లి గడప ముంగట నిలవడ్డడు. "అమ్మా, మీ కొడుకు వాటా" అన్నడట.

అయ్యో దేవుడా! ఆమె తులసి కాడ పూజల ఉన్నదట.

ఆ తల్లి ఒర్రలే, తిట్టలే. కొడుకును పిలిచి, తన నెత్తి మీద చెయ్యి వెట్టించుకొని ఒట్టు ఏయించుకున్నది. పాణమున్న దాన్ని సంపనీకె ఇంక నోటితోని చెప్పొద్దు, చేత్తోని సూపొద్దు అని. వానికి ఆమె తప్ప ఎవ్వలు లేరు. అటెంక వాడు చెరువుకు రాలే. మల్లేశ్ చానా దినాలు మొఖం ఎత్తలే. "నేను మంచికే వోయిన రా" అని ఒకటే అనేటోడు.

ఆ ఎండకాలమే మా నాయినకు టైఫాయిడ్ వచ్చింది. జెరం దిగింది గని మనిషి దిగవడిపోయిండు. ఏది వెట్టినా నోరు చేదంటడు. జావ వోస్తే కక్కుతడు. దవాఖానల డాక్టర్ నన్ను పక్కకు పిలిచి, "జ్వరం పోయింది, ఇక నా చేతిలో ఏం లేదు, కడుపులోకి తిండి పోతేనే మనిషి దక్కుతడు" అని చెప్పిండు. నాగలి భుజం మీద ఏసుకొని ఉరికిన మనిషి, మంచంల దుప్పటి కింద ఉన్నడో లేడో అన్నట్టు అయిండు. అమ్మ పొయ్యి కాడ కూసొని సప్పుడు గాకుంట ఏడ్సేది. నాకు భయమైంది. నిజంగ భయమైంది.

ఒకనాడు నాయిన తనంతట తనే నోరు తెరిచిండు. "కొర్రమట్ట పులుసైతే రెండు బుక్కలు తింటనేమో" అన్నడు. నేను సైకిల్ దీస్కొని పట్నం మార్కెట్‌కు వోయి, తొట్టిల ఈదుతున్నదాన్నే తెచ్చిన. అమ్మ చింతపులుసు వోసి మంచిగ ఒండింది. నాయిన వాసన సూసి గోడ దిక్కు తిరిగిండు. "మన చెరువుది గాదు" అన్నడు. రోగమొచ్చిన మనిషితోని ఏం కొట్లాడుతం?

చెరువుల నీళ్లేవి? తూము ముంగట ఇంత మడుగు మిగిలింది. దాన్ల గూడ అప్పటికే వలలు దిప్పి ఊడ్సుకపోయిన్రు. నేను, మల్లేశ్ డ్యూటీ దిగంగనే వోవుడు, కూసునుడు, ఉత్త చేతులతోని వచ్చుడు. నాయిన రోజు నా చేతుల దిక్కు సూసి కండ్లు మూసుకునేటోడు.

ఆఖరికి నేనే మౌలాలి వోయిన. పంతులును బయటికి పిలిచి సంగతి చెప్పిన. "ఒక్కపారి రా. ఒక్కటే చేప" అన్న. వాని కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. "అమ్మ తల మీద ఒట్టురా. ఆవిడకేమైనా అయితే?" అన్నడు. నాకు కోపమొచ్చింది. "మా నాయినకేమైనా ఫరవాలేదా?" అని సైకిల్ ఎక్కి వచ్చేసిన.

మరుసటి దినం ఐతారం. ఎండ మండుతున్నది. మేము తూము కాడ గాలాలేసి కూసున్నం. సూస్తే కట్ట మీద పంతులు వస్తున్నడు. మల్లేశ్ లేచి నిలవడ్డడు. పంతులు మా దగ్గరకు రాలే. కట్ట మీద, చెరువుకు వీపు వెట్టి, రోడ్డు దిక్కు మొఖం వెట్టి, నెత్తి మీద తువ్వాల కప్పుకొని కూసున్నడు.

"మరెందుకొచ్చినవ్?" అని ఒర్రిన.

"చెప్పనురా. చూపను. ఇంట్లో కూర్చోలేకపోయాను, అంతే. ఉండనివ్వండి" అన్నడు, తిరగకుంటనే.

నేను మల్ల గాలం ఏసిన. చానాసేపు గట్లనే కూసున్నం. మౌలాలి దిక్కు ఇంజను కూత ఇనవడ్డది.

అప్పుడు నా కుడి అరచెయ్యి గుంజింది.

తిమ్మిరి అనుకొని ఇదిలించిన. వోలే. ఎవ్వడో చిన్న పోరడు నా వేళ్లు పట్టుకొని రారా రారా అని గుంజుతున్నట్టే. నీళ్ల దిక్కు గూడ గాదు. చెరువు అవుతలి దిక్కు, చాకలోళ్ల బండ కింద, బర్లు తొక్కి తొక్కి పెట్టిన బురద దిక్కు. నేను లేచి నడిసిన. మల్లేశ్ ఎనకకెళ్లి "పిచ్చి లేసిందా? గా బురదల కప్ప గూడ ఉండదు" అని ఒర్రుతనే ఉన్నడు. బండ కింద అరచెయ్యంత నీళ్ల చెలిమె ఉన్నది. అండ్ల గాలం ఇడిసిన. దారం మునుగనే లేదు, గుంజింది. నా మోచేయి పొడుగు కొర్రమట్ట. బురదల అది కొట్టుకుంటుంటే నేను దాని మీద వడి రెండు చేతుల పట్టుకున్న.

ఎండకాలం కొర్రమట్ట బురదల దాక్కుంటదని మల్లేశ్ అటెంక నాకు చెప్పిండు. సరే, ఒప్పుకుంట. గని చెరువంత బురదనే గదా?

మల్లేశ్ ఒర్రిన ఒర్రుడుకు కొంగలు లేచినయ్. మేము ఉరుక్కుంట కట్ట మీదికి వోయినం. పంతులు గట్లనే ఉన్నడు, వీపు తిప్పి. "పడిందా?" అన్నడు. దగ్గరికి వోతే కనవడ్డది. వాడు తన కుడి చెయ్యిని తన కిందనే వెట్టుకొని దాని మీద కూసున్నడు. యాడ సూపిస్తదోనని. బయటికి దీస్తే అరచేతి నిండ మొరం రాళ్లు దిగవడి ఎర్రగ అచ్చులున్నయ్. వేళ్లు సాగుతలేవు.

నాయిన ఆ పొద్దుమీకి తిన్నడు. రెండు బుక్కలు గాదు, ముద్ద మీద ముద్ద. ముండ్లు గూడ చీకిండు. అమ్మ అన్నం కుండ బోర్లించింది. పంతులు లోపలికి రాలే, పులుసు వాసనకు. వాకిట్ల నిలవడి "తిన్నారా? తిన్నారా?" అని అడుగుతనే ఉన్నడు. తిన్నడు రా అంటే సైకిల్ హ్యాండిల్ మీద మొఖం వెట్టుకొని ఏడ్సిండు. నేను గూడ ఏడ్సిన, ఏముంది దాచనీకె. నాయిన అటెంక చానా ఏండ్లు బతికిండు, నా పిల్లల పెండ్లిళ్లల్ల గూడ కూసున్నడు.

నా చెయ్యి మల్ల ఎన్నడు గుంజలే. ఎన్ని ఐతారాలు వోయి కూసున్ననో. పంతులు గూడ ఒకనాడు తనే చెప్పిండు, తనకూ బందైందని. "హాయిగా ఉందిరా" అన్నడు. అటెంక బదిలీ మీద కాజీపేట వోయిండు. మల్లేశ్ కాలం చేసి ఏండ్లైంది. ఆ ఇద్దరితోని కట్ట మీద ఒక్క పూట కూసోనిస్తే నా పింఛనంత ఇచ్చేస్త.

నాయిన తిన్న తెల్లారి పొద్దుగాల, మా ఇంటి ముంగట రిక్షా ఆగింది. మూర్తి వాళ్లమ్మ. ఎన్నడు ఎవ్వలింటికి రాని మనిషి. నేను వాకిట్లనే ఉన్న. దిగి నా దిక్కు సూసి, "మా వాడు చెప్పాడా బాబూ? నిజం చెప్పు, నేనేమీ అనను" అన్నది. 

"మా నాయిన మీద ఒట్టమ్మా. చెప్పలే, సూపలే. చెయ్యి మీద కూసున్నడు" అన్న.

"మరి నీకెలా తెలిసింది?"

 నా కుడి అరచెయ్యి సాపి సూపిన. ఎంత కడిగినా ఆ చేతికి ఇంకా చేప వాసన వోలే. తానం చేసి మడి బట్టతోని వచ్చిన ఆ తల్లి, ఆ చెయ్యిని తన రెండు చేతుల్లకు తీసుకొని చానాసేపు సూసింది. అటెంక "మీ నాన్న తిన్నాడుగా, చాలు" అన్నది. రిక్షా ఎక్కింది.