నీళ్లలో నిలిచిన మట్టిపెడ్డ

నా చిన్నప్పుడు తల్లాడ దగ్గర మా ఊళ్లో ఎండలు ముదిరాయంటే చేలల్లో కోత తర్వాత మిగిలిన జొన్నకొయ్యలు తగలబెట్టేవారు. పిల్లలకు అది పండగ. ఆ ఏడు మాత్రం మా నాన్న ముఖంలో కళ లేదు. రెండేళ్లుగా పంట సగానికి సగం ఎండిపోతోంది. ఎంత వాన పడినా మా ఎర్రచెలకలో ఇంకకుండా జారిపోయేది. చేను బీడుపెట్టి ఇల్లందు బొగ్గుబావి పనికి పోతానని అమ్మతో అన్నాడు.

ఒక పొద్దున నాన్న అగ్గిపెట్టె తీసుకుని చేనుకు బయలుదేరాడు. ముదిగొండ నుంచి వచ్చిన మా మేనత్త, ఆమె చెయ్యి పట్టుకుని నేను వెంట నడిచాం. అత్త మా చేలో ఒక ఎండిన మట్టిపెడ్డ, గట్టు అవతల అడవంచున ఆకు మురిగిన చోట మరొకటి ఏరింది. నన్ను పంపి ఇంటి నుంచి రెండు గాజు గిలాసలు, చెంబెడు నీళ్లు తెప్పించింది.

“అన్నా, గీ రెండిట్ల నీళ్లల్ల ఏది నిలుస్తదో చూడు. చూసినంక నీ ఇష్టం” అంది.

నేను మా చేని పెడ్డ మీదే పందెం కట్టాను. అది రాయిలా ఉంది మరి! అత్త నీళ్లలో వేయగానే అది బుడగలు తేల్చి, చూస్తుండగానే కూలి బురదైపోయింది. అడవంచు పెడ్డ చెక్కుచెదరలేదు. దాని చుట్టూ నీళ్లు కూడా తేటగానే ఉన్నాయి.

“ఆకు, అలం తిన్న మట్టి గది. మనం ఏటా మన నేల కూడు కాలవెడ్తున్నం” అంది అత్త.

నాన్న అగ్గిపెట్టె తిరిగి జేబులో వేసుకున్నాడు.

వేసవి జల్లు పడగానే కొయ్యలు నేలలోనే కలియదున్నాం. తొలకరికి జనుము చల్లాం. చేనంతా పసుపుపచ్చగా పూసిన వేళ నాన్న దాన్ని దున్నేస్తుంటే నేను ఏడ్చాను. నేలకు అన్నం పెడుతున్నానని ఆయనే నన్ను ఊరడించాడు. ఆ తర్వాత వేసిన జొన్న ఆ ఏడు అంతంతమాత్రంగానే పండింది. అయినా నాన్న బొగ్గుబావి మాట మళ్లీ ఎత్తలేదు.

మూడో ఏడు నేనే మా చేని పెడ్డ ఎండబెట్టి గిలాసలో వేశాను. అంచులు రాలాయి కానీ పెడ్డ నిలబడింది! గిలాస రెండు చేతులతో పట్టుకుని, నీళ్లు ఒలికిపోతున్నా ఆగకుండా పరుగెత్తాను. నాన్న అరక ఆపి దాన్ని ఎండకెత్తి చూశాడు. “నిలిచింది బిడ్డా” అన్నాడు.

ఈ మధ్య మా ఊరికి వచ్చిన అధికారులు పంటల పద్ధతి మార్చి ఆకు, అలంలోని కార్బన్‌ను నేలలో దాచవచ్చని చెబుతుంటే, ఆగలేక ముందు వరుసలోకి వెళ్లి కూర్చున్నాను. ఆ పేరు తెలియకుండానే మేం చేసిన పని అది. అయితే అత్త పెడ్డలు నీళ్లలో వేసిన రోజు నాకు దక్కింది మట్టి సంగతి ఒక్కటే కాదు. అత్త మా నాన్నతో వాదించలేదు. ఆయన కళ్లతో ఆయన్నే చూడనిచ్చింది. మొండికేసిన మనిషి ఎదురైతే ఈనాటికీ నేను గొంతు పెంచను. చూపించడానికి ఏముందా అని చుట్టూ వెతుకుతాను.