నా బదులు వెళ్ళవలసిన పావురం

నా కూతురి బాప్తిస్మాన్ని నేనెంత ఘనంగా పాడుచేశానో చెబుతాను, కూర్చోండి. ఒక్క పావురంతో చేశాను. జత కొని ఉంటే ఏమయ్యేదో దేవుడికే తెలియాలి.

అప్పట్లో నేను షార్జాలో ఒక అరబ్బుల ఇంట్లో వంట చేసేదాన్ని. ఇప్పుడూ అదే పని, కాకపోతే కాస్త తెలివి వచ్చింది. కరోనా పుణ్యమా అని విమానాలు ఒక వారం ఉంటే ఒక వారం ఉండేవి కావు. మా కృప కోనసీమలో మా అమ్మ దగ్గర పెరుగుతోంది. ఫోన్లో ఎప్పుడూ దాని మొహమే కనిపించేది, పిల్ల ఎంత పొడుగైందో తెలిసేది కాదు. దాన్ని పక్కన నిలబెట్టుకుని చూసుకోవాలని ప్రాణం కొట్టుకునేది.

అలాంటి రోజుల్లో ఒక ఆదివారానికి దాని బాప్తిస్మం కుదిరింది. కృప ఫోన్లో మొండికేసింది.

"నువ్వు రాకపోతే నేను కాలవలో దిగనంతే."

"విమానాల్లేవే తల్లీ."

"అయితే నాకు బాప్తిస్మమూ లేదు."

సరిగ్గా ఆ ముందు శుక్రవారమే షార్జాలోనే రోలా అనే పేటలో మా ప్రార్థన కూడికలో పావురం మీద ప్రసంగం విన్నాను. యొర్దానులో ప్రభువు నీళ్ళలోంచి లేవగానే పరిశుద్ధాత్మ పావురంలా దిగివచ్చిందని, ఆ పక్షికి కపటం తెలియదని, దాని కడుపులో చేదుకట్టు కూడా ఉండదని చెప్పారు. ఆ చేదు తిత్తి చిట్లకుండా కోళ్ళు శుభ్రం చేసీ చేసీ విసిగినదాన్ని, ఆ ఆఖరి మాట నాకు బాగా పట్టేసింది.

"నా బదులు పావురం వస్తుందే," అనేశాను. "నువ్వు దిగే ముందు ఇక్కడ తెల్ల పావురాన్ని వదుల్తాను. ఫోన్లో చూద్దువుగాని. అది ఎగిరిందంటే నేనొచ్చినట్టే."

"ఎగరకపోతే?"

"పావురం ఎగరకపోవడమేంటే?"

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించి ఉంటే మీకు ఈ కథ దక్కేది కాదు.

పక్షులమ్మే మస్తాన్ భాయ్‌ది నెల్లూరు. తెల్లది ఒక్కటే ఉంది.

"ఆదివారం పొద్దన వచ్చి తీసకపో అక్కా. ఇప్పట్నించే ఇంట్లో పెట్టుకోబాక," అన్నాడు.

"ఈలోగా ఎవరైనా కొనేస్తే?"

"నీకోసం ఎత్తిపెడతాలే. దానికి కూడు పెట్టినావంటే ఇంక నిన్ను వదలదు."

నేను వింటానా? తెచ్చి మేడమీద నా గది ముందు ప్లాస్టిక్ బుట్ట కింద పెట్టాను. ఇక చూడండి నా సేవ. పెసలు నానబెట్టి, కృపకు చిన్నప్పుడు తినిపించినట్టు అరచేతిలో పెట్టి తినిపించాను. జుట్టు లేదు కాబట్టి సరిపోయింది, లేకపోతే జడ కూడా వేసేదాన్ని. పిల్లతో చెప్పుకోలేని కబుర్లన్నీ దానికి చెప్పాను. నిజం చెప్పొద్దూ, చేతిలో వెచ్చగా ఒక ప్రాణం ఉండి ఎంతకాలమైందో. వారం తిరిగేసరికి పావురం బొద్దుగా తయారైంది.

మా యజమానురాలు, ఆవిణ్ణి మేం మామా అని పిలుస్తాం, పైకొచ్చి దాన్ని నొక్కి చూసింది. "బాగా బలిసింది. యల్లా, కానియ్, ఈరోజు వండెయ్," అంది. "లా, లా మామా, ఇది చర్చిది," అని వద్దు వద్దంటూ రెండు చేతులూ అడ్డం పెట్టాను.

ఆదివారం ఫోన్‌ను నీళ్ళ ట్యాంకుకి ఆనించి నిలబెట్టాను. అవతల కాలవగట్టు మీద సంఘమంతా ఉంది. కృప తెల్లబట్టల్లో గట్టునే నిలబడింది. మా ఊరి పాస్టరుగారు అప్పటికే నడుంలోతు నీళ్ళలో ఉన్నారు.

"ఆయ్, కానివ్వండమ్మా. చలికి పళ్ళు కొట్టుకుంటన్నాయండి."

పావురాన్ని ఎగరేశాను. అందరూ స్తోత్రం అన్నారు. అది ఓ చుట్టు చుట్టి వచ్చి నా భుజం మీద వాలింది. మళ్ళీ ఎగరేశాను. ఈసారి నెత్తి మీద వాలింది.

"ఓడలోంచి వదిలిన నోవహు పావురం కూడా ముందు తిరిగొచ్చేసిందండి. అధైర్యపడకండి," అన్నారు పాస్టరుగారు వణుకుతూనే.

మూడోసారి ట్యాంకెక్కి, పెసల కోసం నా చేతికేసి చూసింది. ఇక నేను చెప్పు తీశాను. పరిశుద్ధాత్మకు గుర్తైన పక్షిని చెప్పుచ్చుకు తరిమిన విశ్వాసురాలు నేనొక్కదాన్నే అయ్యుంటాను. "పో, పోవే," అంటూ మేడంతా తిప్పాను. అదేదో ఆటనుకుంది.

"అమ్మా, దాన్ని తోలకు," అంది ఫోన్లోంచి కృప. నవ్వుతోంది, కళ్ళు తుడుచుకుంటోంది.

"అది ఎగరందే నువ్వు దిగవు కదే?"

"దానికి నీ దగ్గరే ఉండాలనుందమ్మా. నాకూ అంతేగా. ఉండనీ. నేను దిగుతున్నా, చూడు."

చెప్పు చేతిలో పట్టుకుని అలాగే నిలబడి ఏడ్చేశాను. తేరుకుని ఫోన్ దగ్గరికి వెళ్దును కదా, పావురం నాకంటే ముందే ఎగిరి దాని మీద వాలింది. ఫోన్ బోర్లా పడింది. తీసి చూసేసరికి కృప గట్టెక్కి తల తుడుచుకుంటోంది.

"చూశావా అమ్మా?"

"చూశానే," అన్నాను, కపటం తెలియని ఆ పక్షి ఎదుటే.

అందుచేత మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. కృప పెళ్ళికి నా బదులు పావురాన్ని పంపను, చిలకని పంపను, రెక్కలున్న దేన్నీ పంపను. నేనే వెళ్ళి నా పిల్ల పక్కన నిలబడతాను. ఆ రోజు అది నీళ్ళలోంచి లేచినప్పుడు ఎలా ఉందో ఎవరినైనా అడగాలని ఇప్పటికీ ఉంటుంది. అడగలేను. చూశానని చెప్పేశానుగా.