మనిషిని లేపే బలం

నీటి పన్ను ఆఫీసులో మూడో కిటికీ వెనక కూర్చునే ఆవిడకి ‘రేపురండి మేడమ్’ అని పేరు. ఎవరు పెట్టారో తెలీదు గానీ, అటెండరు దగ్గర్నుంచి ఆఫీసరు దాకా అందరి నోటా అదే నలిగింది. ఆవిడకీ తెలుసు. కోపం లేదు. మీటరు తిరగడం లేదనో, బిల్లు తప్పు పడిందనో వచ్చినవాళ్లకి కాదు, కుదరదు, రేపు రండి అని చెప్పడమే ఆవిడ ఉద్యోగం. ఇన్నేళ్లు కాదనడం సాధన చేసిన మనిషికి బయట ఎవరికైనా కాదని చెప్పడం చిటికెలో పని అయి ఉండాలి. కాలేదు. ఉన్న ‘కాదు’లన్నీ కిటికీ దగ్గరే ఖర్చయిపోయేవి. సాయంత్రం ఇవతలికి వచ్చేసరికి మొహమాటం తప్ప మరేమీ మిగిలేది కాదు.

ఆ మొహమాటంతోనే భర్తకి ఒక మాటిచ్చి ఇరుక్కుంది.

ఆయన ఎలక్ట్రీషియన్. ఆరడుగుల పైచిలుకు మనిషి, స్టూలు ఎక్కకుండానే ఫ్యాను రెక్కలు విప్పేవాడు. వీధిలో ఎవరింట్లో దీపం పోయినా ఈయన్నే పిలిచేవాళ్లు. పిలిస్తే వెళ్లడమే గానీ, ఒకర్ని పిలవడం ఆయనకి అలవాటు లేదు. కిందటేడు పక్షవాతం వచ్చి ఎడం చెయ్యీ, ఎడం కాలూ పడిపోయాయి. మాట కాస్త ముద్దగా వస్తుంది. బుర్ర మాత్రం పాదరసమే.

ఆ మధ్య ఒకరోజు పొద్దున్నే మంచం మీంచి జారి కింద పడ్డాడు. ఆవిడ అటు లాగి, ఇటు లాగి, తలప్రాణం తోకకొచ్చి, చివరికి మెట్లెక్కి పై వాటా తలుపు కొట్టింది. కొత్తగా దిగిన వ్యాను డ్రైవరు సగం గడ్డానికి నురగతోనే వచ్చి, చంకల కింద చేతులేసి ఒక్క ఊపులో లేపి మంచం మీద కూర్చోబెట్టాడు. “పెద్దాయన మంచి బరువే” అని నవ్వి వెళ్లిపోయాడు. చెడ్డవాడు కాదు. కానీ అప్పటికే ఆయన పైజామా తడిసి ఉంది. డ్రైవరు అది చూశాడు. చూశాడని ఆయనకీ తెలుసు.

ఆ పూట అన్నం ముందు కూర్చుని ఆయన ముద్ద ఎత్తలేదు.

“ఇంకెప్పుడూ ఎవర్నీ పిలవకు” అన్నాడు.

“నేనొక్కదాన్నే ఎలా లేపనండీ?”

“ఎంతసేపైనా పట్టనీ. కిందే ఉంటాను. నువ్వే లేపు.”

“సరేలెండి” అంది ఆవిడ. ఆ ముఖం చూస్తూ ఇంకేమనగలదు?

మళ్లీ పడనే పడ్డాడు. మాటిచ్చింది కాబట్టి ఎవర్నీ పిలవలేదు. దుప్పటి మీదకి దొర్లించి, దుప్పటితో సహా మంచం దాకా ఈడ్చి, అక్కణ్నుంచి ఏం చెయ్యాలో తోచక ఆయన పక్కనే నేల మీద కూలబడింది. ఇద్దరూ మంచం కింది దుమ్ము చూస్తూ చాలాసేపు కూర్చున్నారు. ఆయనే కుడిచేత్తో మంచం కోడు పట్టుకుని, ఈవిడ కింద నుంచి వీపు ఆనించి తోస్తే, ఎలాగో పైకి చేరాడు. ఆవిడ నడుం మాత్రం పట్టేసింది. వారమంతా కిటికీ వెనక దిండు పెట్టుకుని కూర్చుని, రేపు రండి అని కూడా మూలుగుతూ చెప్పింది.

“జిమ్ములో చేరవే అక్కా, బరువులెత్తడం నేర్పిస్తారు” అని ఫోన్లో చెల్లెలు సలహా ఇచ్చింది. సలహాకి ఖర్చేముంది. కానీ ఆవిడకి అది చెవిలో ఉండిపోయింది. బలం లేకపోవడం ఒక్కటే కదా ఇబ్బంది, బలం అమ్మేచోట కొనుక్కుంటే సరిపోతుంది అనుకుంది. ఆయనకి ఇచ్చిన మాటా నిలబడుతుంది.

జిమ్ము బస్టాపు ఎదురుగానే, మందుల షాపు పైన. మెట్లెక్కేసరికే ఆయాసం వచ్చింది. ఇవి ఎక్కగలిగినవాళ్లకి లోపల పనేముంది అనుకుంటూ తలుపు తోసింది. పాట హోరెత్తుతోంది. బల్ల వెనక పిల్లకి పాతికేళ్లుంటాయి. నవ్వు ముందొచ్చింది, మనిషి తర్వాత లేచింది.

“రండి ఆంటీ” అని, ఆవిడ ముఖం చూసి, “కూర్చోండి మేడమ్” అని దిద్దుకుంది.

“నెలకెంతమ్మా?”

“అవన్నీ తర్వాత మేడమ్. ముందు మీరు చూడాలి కదా” అంటూ చెయ్యి పట్టుకుని హాలంతా తిప్పింది. జనం నడుస్తున్నారు, ఉన్నచోటే ఉన్నారు. ఒకాయన తనని తానే అద్దంలో చూసుకుంటూ ఎంతో బాధపడుతున్నాడు. ఆ తర్వాత చెప్పులు విప్పించి ఒక యంత్రం ఎక్కించింది. అది చీటీ కక్కింది.

“మీ వయసెంత మేడమ్?”

“యాభై మూడు.”

“మీ ఒంటి వయసు అరవై ఎనిమిది చూపిస్తోంది” అని ఆ పిల్ల గొంతు తగ్గించి, చావు కబురు తెచ్చిన చుట్టంలా ముఖం పెట్టింది. ఆవిడకి భయమేం వెయ్యలేదు. పొద్దున్నే మంచం దిగేటప్పుడు ఎనభై ఉన్నట్టుంటుంది, ఆ లెక్కన ఇది నయమే అనిపించింది.

“బరువు తగ్గారనుకోండి, చూడండి మేడమ్...”

“నాకు బరువు తగ్గడం కాదమ్మా, ఎత్తడం కావాలి.”

“అదీ ఉంది. ఏడాది ప్యాకేజీలో అన్నీ ఉన్నాయి.”

“నెలకి చాలమ్మా.”

“నెలకి తీసుకున్నవాళ్లు మధ్యలోనే మానేస్తారు. మీ మంచికే చెబుతున్నాను. జంటగా చేరితే సార్‌ది సగమే పడుతుంది. సార్ కూడా వస్తారు కదా?”

“ఆయన రారు” అంది.

“మగవాళ్లందరూ మొదట అలాగే అంటారు మేడమ్. మీరొకసారి తీసుకురండి చాలు, మిగతాది నేను చూసుకుంటాను.”

ఏడవాలో నవ్వాలో తెలీలేదు. “రేపు చెబుతానులే అమ్మా” అంది అలవాటు కొద్దీ.

“రేపు ఈ రేటు ఉండదు మేడమ్. ఏడింటికల్లా ఆఫర్ మూసేస్తారు.”

బతుకంతా రేపటి మీద నడిపిన మనిషికి రేపు లేదని చెప్పేవాళ్లు ఇన్నాళ్లకి దొరికారు. కిటికీకి అవతల నిలబడ్డవాళ్ల సంగతి ఆవిడకి మొదటిసారి కాస్త తెలిసొచ్చింది. ఈలోగా ఆ పిల్ల ఎవరికో ఫోన్ చేసి, మా ఆంటీ లాంటి ఆవిడ సార్, కొంచెం చూడండి సార్ అని బతిమాలి, ఇంకా తగ్గించేసింది. మంచినీళ్లు తెప్పించింది. కాగితం ముందుకు తోసి పెన్ను చేతికిచ్చింది. ఆవిడకి తన సంగతి తెలుసు. ఇంకో రెండు నిమిషాలు ఆ కుర్చీలో ఉంటే సంతకం పెట్టేస్తుంది. నమ్మి కాదు. పాపం ఇంతసేపు నోరు నొప్పి పుట్టేలా చెప్పింది కదా, లేచిపోతే ఏం బావుంటుంది అని. మొహమాటమంటే అదే మరి.

పెన్ను బల్ల మీద పెట్టింది.

“ఒక్కటి అడుగుతానమ్మా. మీ దగ్గర బాగా పొడుగాటి మనిషెవరైనా ఉన్నారా?”

ఆ పిల్ల వింతగా చూసి, వ్యాయామం నేర్పే ఆయన్ని పిలిచింది. ఆయన భుజాలు తలుపుకి సరిపోయేలా ఉన్నాయి.

“ఏమీ అనుకోకండి. కాస్త కింద పడుకుంటారా?” అంది ఆవిడ.

విషయం చెప్పాక ఆయన మారుమాట లేకుండా చాప పరుచుకుని పడుకున్నాడు. ఆవిడ కొంగు బిగించి, మోకాళ్ల మీద కూర్చుని, చంకల కింద చేతులు వేసింది. మనిషి లేచి కూర్చున్నాడు. ఆ పిల్ల చప్పట్లు కొట్టింది.

“మీరు సాయం చేశారు” అంది ఆవిడ. “చెయ్యకండి. మా ఆయనకి ఎడం పక్కంతా లేదు.”

ఆయన మళ్లీ పడుకుని, ఈసారి నిజంగానే ఒళ్లు వదిలేశాడు. ఆవిడ లాగింది. భుజం జారిపోయింది, తల పక్కకి వాలింది, మనిషి ఉన్నచోటే ఉన్నాడు. రెండోసారి లాగితే నడుంలో కలుక్కుమంది. నడిచే యంత్రాల మీద జనం నడక ఆపి చూస్తున్నారు. ఆవిడకి సిగ్గనిపించలేదు. ఇల్లు గుర్తొచ్చి ఒళ్లంతా నీరసం కమ్మింది.

“ఏడాది నేర్చుకుంటే లేపగలనా?” అంది రొప్పుతూ.

ఆయన లేచి కూర్చుని, ఆ పిల్ల వైపు చూడకుండా చెప్పాడు. “నడుం నొప్పి తగ్గుతుంది. ఆయాసం తగ్గుతుంది. ఇది మాత్రం కాదమ్మా. మా నాన్నమ్మకి ఇలాగే అయితే, బక్క ప్రాణమే అయినా, నాన్నా నేనూ ఇద్దరం పట్టుకునేవాళ్లం. అంత మనిషిని మీరొక్కరే లేపకూడదు.”

“ఏం మాటలు మాస్టారూ?” అని ఆ పిల్ల కళ్లురిమింది.

“ఆవిడ కూడా మంచాన పడితే నువ్వెళ్లి చూస్తావా?” అన్నాడాయన.

ఆ పిల్ల ఒక్క క్షణం తగ్గి, మళ్లీ అందుకుంది. “పోనీ మీ ఆరోగ్యం కోసమైనా...”

“వద్దమ్మా” అంది ఆవిడ. ఆ మాట ఇంత తేలిగ్గా వస్తుందని అనుకోలేదు. ఫోన్ నంబరు అడిగితే మాత్రం ఇచ్చేసింది.

మెట్లు దిగి ఇంటిదారి పట్టింది. జిమ్ము పిల్లకి కాదని చెప్పడం ఒక లెక్కలోది కాదు. చెప్పాల్సిన అసలు మనిషి ఇంట్లో ఉన్నాడు. ఆయన మాటకి ఎదురాడాలంటే ఆవిడకి భయం, అంతకన్నా జాలి. ఇల్లు ఇంకాస్త దూరంగా ఉంటే బావుండుననిపించింది.

ఆయన మంచం మీద దిండ్లకి ఆనుకుని గుమ్మం వైపే చూస్తున్నాడు. “ఇంత ఆలస్యమేం?”

“జిమ్ముకెళ్లాను.”

“నువ్వా?” అని నవ్వబోయాడు.

“మిమ్మల్ని లేపడానికి.” చెప్పులు విప్పకుండానే మంచం అంచున కూర్చుని జరిగిందంతా చెప్పింది. “నావల్ల కాదండీ. ఏడాది కష్టపడినా కాదట. ఈసారి పడితే పైకెళ్లి పిలుస్తాను. మీరు కోప్పడ్డా పిలుస్తాను.”

“మాటిచ్చావు.”

“ఇచ్చాను. ఇవ్వకుండా ఉండాల్సింది.”

ఆయన ముఖం గోడవైపు తిప్పేసుకున్నాడు. ఆవిడ లేచి బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టింది. కూరగాయలు తరుగుతూ కళ్లు తుడుచుకుంది, ఉల్లిపాయలు కావు మరి. అన్నం కలిపి పెడితే ఆయన కుడిచేత్తో తిన్నాడు. అంతలో ఫోన్ మోగింది. జిమ్ము పిల్ల. మీకోసం ఆఫర్ రేపటిదాకా పొడిగించాం మేడమ్ అంటోంది. “వద్దమ్మా, నాకు పనుంది” అని పెట్టేసింది.

ఆయన కంచం పక్కన పెట్టి, మూతి తుడిపించుకున్నాడు.

“ఆ పైన అతను ఆదివారం ఇంట్లో ఉంటాడా?”

“ఉంటాడనుకుంటా. ఏం?”

“టీకి పిలు. ఆ పొద్దున నాకు గడ్డం గియ్యి. ఇస్త్రీ చొక్కా తొడిగి, కుర్చీలో కూర్చోబెట్టు.”

ఆవిడ ఆయన ముఖంలోకి చూసింది. ఆయన చూపు తిప్పుకోలేదు.

“నేను కుర్చీలో కూర్చుని ఉండగా అతను నన్నెప్పుడూ చూళ్లేదు” అన్నాడు.