పడుగు దగ్గరికి రాని చేతులు

1944 మార్చి 6, సోమవారం, తెల్లవారుజామున ఐదుంబావు. ఊరి బట్టల మిల్లు మొదటి కూత ఆగి పావుగంటయింది. మా నేతవాళ్ల వాడకు పెద్ద అయిన ముసలాయన వచ్చి చేతికర్రతో మా తలుపు తట్టాడు. ఆయనను అందరం పెద్దయ్య అనేవాళ్లం.

అప్పుడు నేను బైబిలు వాక్యం గొంతెత్తి చదువుతున్నాను. తలుపు చప్పుడైనా ఆ భాగం చివరిదాకా చదివి, ప్రార్థన ముగించాకే లేచాను. పెద్దయ్యకు అసలు కోపం అక్కడే వచ్చిందని మా అత్త తరువాత అనేది.

"ఏం కోడలా, కోడి కూయకముందే నువ్వు కూస్తాన్నవ్?" అన్నాడు.

"కోడినైతె ఎవలూ ఆపరు గద పెద్దయ్యా," అన్నాను.

ఆయన నవ్వలేదు. "నోట్లె నోట్లె చదువుకో. లేదా, బేస్తారం మీ పడుగుకు ఒక్క చెయ్యి రాదు," అన్నాడు.

మా పడుగు చాపాల్సింది ఆ గురువారమే. ఆయన మాట ఎంత బరువైనదో నేతపని ఎరగనివారికి చెప్పాలి. మగ్గానికి ఎక్కించే నిలువు పోగులే పడుగు. దాన్ని ముందు వాడ పొడవునా గుంజల మీద చాపి, గంజి పెట్టి, ఆ గంజి ఆరేలోపు రెండు పక్కలా నిలబడి కుంచెలతో దువ్వాలి. ఎండ ముదరకముందే అంతా అయిపోవాలి. ఒక్క ఇంటివాళ్లతో అయ్యే పని కాదు. అందుకే ఎవరి పడుగైనా వాడంతా కుంచెలు పట్టుకుని వచ్చేది. దానికి కూలి లేదు, పిలుపు లేదు. ముందురోజు జుట్లు పట్టుకున్నవాళ్లు కూడా పడుగు దగ్గర ఎదురెదురుగా నిలబడేవారు. పైగా అవి యుద్ధం రోజులు. ఉన్న నూలు పాడైతే మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో ఎవరూ చెప్పలేరు.

అంతకుముందు క్రిస్మస్‌కు నేనూ మా ఆయనా బాప్తిస్మం తీసుకున్నాం. వాడ దాన్ని ఎలాగో ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది నా గొంతు. పెళ్లికి ముందు మా అమ్మ మిషన్ దవాఖానలో ఉన్నప్పుడు అక్కడి నర్సమ్మ నాకు అక్షరాలు నేర్పింది, రోజూ ప్రార్థించే పద్ధతీ నేర్పింది. వాక్యం వరుసగా చదవాలి, నచ్చిన చోటికి దూకకూడదు. ఆ రోజు చదివిన దానిలోంచే ప్రార్థన ఎత్తుకోవాలి. మన కోరికల మూట ఆ తరువాతే విప్పాలి. మా ఆయనకు చదువు రాదు. పొద్దున నా నోట విన్న మాటను పట్టుకుని మగ్గం గుంటలో దిగేవాడు, మాపటిదాకా దాన్నే గొణుక్కుంటూ నేసేవాడు. నేను నోట్లోనే చదువుకుంటే ఆయనకు ఏం మిగులుతుంది? పెద్దయ్యకు అదే చెప్పాను.

"ఆడిది చదువుడేంది, మొగోడు కూసుండి ఇనుడేంది!" అన్నాడాయన.

వెనక నుంచి మా ఆయన, "నాకు అచ్చరాలు రావు పెద్దయ్యా. చెవులైతె ఉన్నయి," అన్నాడు.

బేస్తవారం వచ్చింది. ఆ పొద్దున వరుసలో పడ్డది యెరూషలేము గోడను తిరిగి కట్టినవారి పట్టిక. ఫలానావాడు బాగుచేశాడు, అతని పక్కన ఫలానావాడు, వాడి పక్కన ఇంకొకడు. కంసాలులు, అత్తరు చేసేవాళ్లు, కూతుళ్లను వెంటబెట్టుకుని వచ్చినవాడు. మా అత్త బాప్తిస్మం తీసుకోలేదు, ఆమె దేవుళ్లు ఆమె మూలన ఉండేవారు. అయినా రోజూ నూలు కండెలు చుడుతూ వినేది.

"ఏందే ఈ పేర్లు, ఎవలి పెండ్లి పిలుపులు? ఇయ్యాల అసలే బాగలేదు, జర మంచిది సూసి చదువు," అంది.

"వరుస తప్పద్దు అత్తా," అన్నాను.

పట్టిక అంతా చదివాను. అందులోంచి ఏం ప్రార్థించాలో కాసేపు తోచలేదు. తరువాత తోచింది. తలుపు బార్లా తెరిచి, పక్కింటితో మొదలుపెట్టి వాడలో ఇల్లిల్లూ ప్రార్థించాను. పక్కింటి పసిదాని దగ్గు, దాని పక్కింట్లో అలిగి పుట్టింటికి పోయిన కోడలు, వరుసగా అందరూ. గొంతు తగ్గించలేదు. "ప్రభువా, పెద్దయ్య మోకాలి నొప్పి తీసెయ్యి. మోకాలికన్న బిర్రుగున్న ఆయన మనసును వంచు," అన్నాను.

ఎదురింటి తలుపు ధడాలున తెరుచుకుంది. "నా మోకాలి సంగతి నీ దేవునికెందుకే!" అని పెద్దయ్య అరిచాడు.

మా అత్త లోపలి నుంచే, "అడిగితె ఏం పోయింది? తగ్గితె నడువు, తగ్గకుంటె తిట్టు!" అంది.

ఎవరో కిసుక్కున నవ్వారు. అయినా ఎవరూ గడప దిగలేదు.

ముగ్గురమే పడుగు చాపాం. గంజి పెట్టాం. మా అత్త కుంచె పట్టుకుని వాడ నడుమ నిలబడి, "దాని దేవుడు నాకొద్దు, నా మొక్కులు నాకున్నయి. గని నా ఇంట్ల ఎవలు ఏం చదువాల్నో మీరు చెప్పుడేంది? రాకుంటె రాకున్రి!" అని అందరికీ వినబడేలా చెప్పి దువ్వడం మొదలుపెట్టింది. సగం దూరం పోయేసరికి ఎండ ఇళ్ల కప్పుల మీద నుంచి దిగింది. అవతలి సగంలో గంజి బిగుసుకుపోయి పోగులు జడల్లా అతుక్కున్నాయి. విడదీస్తే పుటుక్కున తెగుతున్నాయి.

వాడవాళ్లు ఎవరి గుమ్మంలో వాళ్లు నిలబడ్డారు. అందరి చేతుల్లో కుంచెలున్నాయి.

"ఇప్పుడన్న ఒక్క మాట అను కోడలా. రేపటి సంది లోపల చదువుకుంట అను. అందరం దిగుతం," అన్నాడు పెద్దయ్య.

నూలు మా ఆయనది. ఆయన వైపు చూశాను. ఆయన తల ఎత్తలేదు. "ఎండ ముదురుతాంది, దువ్వు," అన్నాడు.

దువ్వాను.

మర్నాడు ఐదుంబావుకు తలుపు తెరిచి, ఆ పట్టిక తరువాతి అధ్యాయం చదివాను. ఆ మర్నాడూ చదివాను. ఆ వాడలో ఉన్నన్నాళ్లూ ఆ వేళకు ఆ తలుపు మూయలేదు.

పోయినవి ఇవి. ఆ పడుగులో ఎనిమిది చీరలు దిగాలి, మూడే దిగాయి, ఐదు పోయాయి. వాడలో ఇతరుల పడుగు దగ్గర మేం నిలబడే చోటు పోయింది. పడుగుకు చేతులు రాక 1946లో మగ్గం పోయింది, మా ఆయన మిల్లు పనికి వెళ్లాడు. మా అత్తకు పెద్దయ్య భార్యతో చిన్ననాటి నుంచి ఉన్న పలకరింపు పోయింది. 1949లో అత్త చనిపోయినప్పుడు, పాడె మోయడానికి వాడ నుంచి రావలసిన నలుగురు రాలేదు.