బాలింత చెవుల్లో దూది

కడుపుతో ఉన్న మూడో నెలలో, చేవెళ్లలో మా బాపు ఇంట్లో ఉన్నప్పుడు, ఒక పొద్దున ముఖం కడుక్కుంటుంటే చేతి కింద సన్నని దద్దుర్లు తగిలాయి. చెవుల వెనక గడ్డలు, కొద్దిగా జ్వరం. దవాఖానలో కాంపౌండర్ "ఎండకు పేలింది బిడ్డా, ఫికర్ చెయ్యకు" అన్నాడు. మూడు రోజుల్లో తగ్గింది. మరిచిపోయాను.

అది అరవై తొమ్మిది. ఆ ఏడాదంతా తెలంగాణ కోసం ఊరేగింపులు, బందులు. పట్నం బస్సు ఎప్పుడు నడుస్తుందో తెలియదు. నాకు తల్లి లేదు కాబట్టి మొయినాబాద్‌లో అత్తగారింట్లోనే మంత్రసాని కాన్పు చేసింది. ఆడపిల్ల. బాలింతకు గాలి సోకకూడదని అత్త నా చెవుల్లో దూది కుక్కి, తలకు గుడ్డ చుట్టింది.

ఇక లోకమంతా గోడ అవతలికి పోయింది. నా గొంతు మాత్రం నా తలలోనే మోగేది. పిల్లను పిలిస్తే కదలదు. పాడితే నన్ను దాటి గోడను చూసేది. నాకు నిద్ర పట్టడం మానేసింది. పన్నెండో రోజు విషయం అర్థమైంది. నేను కాన్పులోనే చనిపోయాను, వీళ్లు చెప్పడం లేదు. అత్త అన్నం తెస్తే అది చచ్చినవాళ్ల పేరున పిట్టకు పెట్టే ముద్ద అనుకొని తినలేదు. చచ్చినదాని పాలు పట్టకూడదని పిల్లకు పాలివ్వడం కూడా మానేశాను.

"పిల్లకు నేను వినపడ్త లేను" అన్నాను.

"దూది నీ చెవుల్ల ఉన్నది, పిల్ల చెవుల్ల కాదు. జర పండుకో" అని అత్త నవ్వింది. చెడ్డ మనిషి కాదు. అయినా ఆ నవ్వు మీద నాకు ఇప్పటికీ కోపమే.

మర్నాడు మధ్యాహ్నం ఊరేగింపు మా వాకిలి ముందుకు వచ్చింది. డప్పుల మోతకు దూది ఉన్నా నేను ఉలిక్కిపడ్డాను. తొట్టెలలో పిల్ల కళ్లు తెరిచి ఇంటి కప్పు చూస్తోంది. రెప్ప కూడా కదలలేదు. అయితే ఇదీ నాలాగే చచ్చింది, నా వైపే ఉంది అనుకున్నాను. ఎంత సంతోషమేసిందో. ఆ సంతోషం గుర్తొస్తే ఇప్పుడు భయమేస్తుంది.

గుమ్మంలో నిలబడి మా ఆయన కూడా చూశాడు. "అవ్వా, పిల్ల రెప్ప కొట్టలే. నీ కోడలు చెప్పేది నిజమే ఉన్నట్టున్నది" అన్నాడు తల్లితో. అప్పటికప్పుడు పిల్లకు ఆవుపాలు పట్టించి, మరుసటి రోజు బస్సు నడవగానే ఇద్దరినీ పట్నం తీసుకుపోయాడు.

లేడీ డాక్టర్ నా మాటలన్నీ విని, పిల్ల తల వెనక ట్రే మీద చెంచాతో గట్టిగా కొట్టింది. పిల్ల కదలలేదు.

"కడుపుతో ఉన్నప్పుడు దద్దుర్లు వచ్చినయా?"

వచ్చాయన్నాను.

"జర్మన్ మీజిల్స్, అంటే రుబెల్లా. కడుపుతో ఉన్నప్పుడు వస్తే బిడ్డ చెవులు పోతయి. పిల్లకు వినపడ్త లేదు, నువ్వు చెప్పింది నిజమే. కానీ నువ్వు బతికే ఉన్నవమ్మా. నీది ప్యూర్‌పెరల్ సైకోసిస్, కాన్పు తర్వాత మతి తప్పే జబ్బు. తగ్గుతది." నా చెవుల్లో దూది ఆమే తీసింది.

వార్డులో మాత్రలు, తలకు కరెంటు పెట్టే ఈసీటీ. ఇంటికొచ్చాక బాగానే ఉన్నాను కదా అని మాత్రలు మానేశాను. మళ్లీ అన్నం ముద్దను పక్కకు నెట్టాను, మళ్లీ చేర్చారు. పూర్తిగా కోలుకోవడానికి ఏడాది పట్టింది.

ఇప్పుడు నా కూతురికి యాభై దాటాయి. మొయినాబాద్‌లో జాకెట్లు కుడుతుంది. చదివేవాళ్లకు ఒక్కటే చెప్తాను. బాలింతకు మతి తప్పినా, బిడ్డ గురించి ఆమె అన్న మాటను నవ్వి వదిలేయకండి, ఇద్దరినీ డాక్టర్‌కు చూపించండి.

నేను మాట్లాడుతుంటే నా కూతురు అరచెయ్యి నా గొంతు మీద పెడుతుంది. అదురు తగలగానే తల ఊపుతుంది. నేను ఉన్నానని నాకు అప్పుడే పూర్తిగా నమ్మకం కలుగుతుంది.