సంచుల వరస

రుమేనియాలోని బ్రైలా ఊళ్ళో స్మరాందా ట్రామ్ నడుపుతుంది. బజారుకు వెళితే ఇప్పటికీ అన్నిటికంటే పొడుగు క్యూ చూసుకుని అందులోనే నిలబడుతుంది. ఖాళీ కౌంటరంటే ఆమెకు నమ్మకం లేదు. ఆ జబ్బు తొమ్మిదేళ్ళ వయసులోనే పట్టుకుంది.

ఆ రోజుల్లో దేశంలో అన్ని సరుకులకూ కరువే; ముందు క్యూలో చేరాలి, ఏమిస్తున్నారో తర్వాత అడగాలి. కాళ్ళు పీకితే సంచి నేలమీద పెట్టి ఇంటికి పోవచ్చు. సంచి ఉంటే మనిషి ఉన్నట్టే. దాన్ని దాటి ముందుకెళ్ళినవాడితో వీధిలో ఎవరూ మాట్లాడేవారు కాదు. పరస్కీవా మామ్మకు మోకాళ్ళ నొప్పులు కాబట్టి ఇంటి తరఫున నిలబడే పని స్మరాందాది. బడికి వెళ్ళినదానికంటే అదే ఎక్కువ చేసింది పాపం.

1989 డిసెంబరులో, క్రిస్మస్ పండక్కి కమలాపండ్లు వచ్చాయన్నారు. ఏటా ఒకే పండును ఇంటిల్లిపాదీ తొనలుగా పంచుకునేవారు.

"ఈసారి ఒక పండు పూర్తిగా నీకే. చోటు మాత్రం వదిలావో, కాళ్ళు విరగ్గొడతా," అంది మామ్మ.

స్మరాందా క్యూలో చలికి ముక్కు కారుతూ నిలబడి ఉంటే, వీధి చివర నుంచి జనం కేకలేస్తూ వచ్చారు. ప్రభుత్వం కూలిపోయిందట.

"ఏమిస్తున్నారట అక్కడ?" ముందున్న నెయాగు తాత అడిగాడు.

"స్వేచ్ఛ తాతా, స్వేచ్ఛ!"

"మనిషికి ఎంతట?" అంటూనే సంచి కిందపెట్టి, "పిల్లా, కాస్త చూస్తుండు," అని వాళ్ళలో కలిసిపోయాడు. మిగతావాళ్ళూ అంతే. వీధిలో సంచులూ స్మరాందా మిగిలారు.

కాసేపటికి కొట్టతను గోడమీది నాయకుడి పటాన్ని చంకలో పెట్టుకుని బయటికొచ్చాడు. "నువ్వొక్కదానివేనా? సంచి ఇలా తే."

"నా ముందు వీళ్ళున్నారండీ," అని సంచుల వైపు చూపించింది.

"పిచ్చి గానీ పట్టిందా నీకు?"

"సంచి దాటకూడదు కదండీ."

అతనూ ఆ ఊళ్ళో పుట్టి పెరిగినవాడే, కాదనలేకపోయాడు. డబ్బు సంగతి రేపు చూసుకుందాం అని గొణుక్కుంటూ వరసగా సంచులు నింపుకుంటూ వచ్చాడు. స్మరాందా సంచి దగ్గరికొచ్చేసరికి పండ్ల పెట్టె అడుగున కాగితాలే ఉన్నాయి.

చీకటి పడుతుంటే, గొంతులు బొంగురుపోయిన జనం తిరిగొచ్చి ఎవరి సంచి వాళ్ళు తీసుకుపోయారు. "బంగారు తల్లివే," అన్నాడు నెయాగు తాత. పండు మాత్రం ఇవ్వలేదు. అది తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

"ఏం దొరికిందే?" గుమ్మంలోనే అడిగింది మామ్మ.

"స్వేచ్ఛ ఇచ్చారట మామ్మా. అదీ నా దాకా రాలేదు."

మామ్మ నవ్వింది. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. మనవరాలి కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని, వెచ్చబడేదాకా రుద్దుతూ కూర్చుంది.