భానూర్‌కు పోయిన ఉప్పునీళ్ల తొట్టి

ఉప్పునీళ్ల తొట్టిని అమ్మేద్దామన్న మాట మా ఇంట్లో మొదట అన్నది నేనే. అన్నాక రెండు నెలలు ఎవరికీ అమ్మకుండా వంకలు వెతికిందీ నేనే.

అప్పట్లో మేం ఇస్నాపూర్‌లో ఒక మేడ మీద రెండు గదుల్లో అద్దెకుండేవాళ్లం. దగ్గర్లోని మందుల ఫ్యాక్టరీ ల్యాబులో నేను కెమిస్టుని. ముందుగదిలో ఒక గోడంతా ఆ తొట్టిదే. నాలుగడుగుల గాజు తొట్టి, ఇనుప స్టాండు, లోపల సముద్రపు రాళ్లు, తెల్లచారల నారింజరంగు క్లౌన్ చేపలు రెండు, నీలం చేపలు మూడు. మామూలు చేపలైతే కరెంటు పోయినా ఎలాగో గడుపుతాయి. ఇవి గడపవు. మోటారు ఆగి నీళ్లు కదలకపోతే కొన్ని గంటల్లోనే ఊపిరాడక పైకి తేలతాయి. వాటికి మా వీధి బోరు నీళ్లు పనికిరావు. తాగే నీళ్ల క్యాన్లు తెచ్చి, ప్యాకెట్లలో వచ్చే సముద్రపు ఉప్పు కలిపి, గాజు హైడ్రోమీటరు ముంచి ఉప్పు సరిపోయిందో లేదో చూడాలి. ఎండాకాలం నీళ్లు వేడెక్కితే ఐసు సీసాలు అందులో వెయ్యాలి.

ఆ తొట్టి వచ్చాక నేను స్థిమితంగా ఎక్కడా కూర్చున్నది లేదు. మా చెల్లెలి పెళ్లికి ఏలూరు వెళ్లి, భోజనాల వేళకే తిరుగు బస్సెక్కేశాను. నా భార్యకు ఆరో నెల వచ్చాక ఒక మధ్యాహ్నం తను మామూలుగానే అంది.

"ఏమండీ, నేను లేచి బయటికెళ్లిపోయినా మీకు తెలీదు. మోటారు చప్పుడు మారితే మాత్రం పక్కగదిలోంచి పరుగెత్తుకొస్తారు."

కోపంగా అనుంటే ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవాణ్ని. మామూలుగా అనేసరికి, తొట్టిని అమ్మేద్దామన్నాను. మర్నాడే మా క్యాంటీన్ గోడకి, బస్టాండు దగ్గరి జిరాక్సు షాపులో కాగితాలు అంటించాను.

మొదట వచ్చిన మిఠాయి కొట్టాయన గాజు చాలన్నాడు, అందులో లడ్లు పెడతాడట. హైవే మీద ధాబా నడిపే ఇంకొకాయన కొర్రమట్టల్ని బతికుండగా అందులో వదిలి, గిరాకీ ఏది చూపిస్తే దాన్ని కోసి వండుతానన్నాడు. ఇద్దర్నీ పంపేశాను. నా భార్య పాత చీరలు చింపి పొత్తిగుడ్డలు కుడుతూ నావైపు ఒకసారి చూసింది, అంతే.

మూడోసారి భానూర్ నుంచి ఒక రైతు వచ్చాడు. అరవై దాటిన మనిషి. అందరూ పటేలా అని పిలుస్తారట, నేనూ అలాగే పిలిచాను. కొత్తగా ఇల్లు కట్టుకున్నాడు. తొట్టి ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"గివి సముద్రం చాపలేనా సారూ?"

"అవును పటేలా. వీటిని చూసుకోవడం కష్టం. రోజూ పని ఉంటుంది."

"బర్ల కంటె ఎక్కువుంటదా?" అన్నాడు.

నవ్వులాటకి కాదు, తెలుసుకోవాలనే అడిగాడు. నేను అరగంటపాటు కష్టాలన్నీ ఏకరువు పెట్టాను. ఆయన అన్నీ విని, బేరమైనా ఆడకుండా, ఆదివారం ట్రాలీ ఆటో తెస్తానని చెప్పి వెళ్లిపోయాడు.

ఆ ఆదివారం చేపల్ని గాలి నింపిన సంచుల్లో, సగం నీళ్లని డ్రమ్ముల్లో పట్టుకుని నేనూ ఆటో వెనక కూర్చుని వెళ్లాను. పటేలు తల్లి అరుగు మీద కూర్చుని, దింపుతున్నవన్నీ చూస్తోంది. పటేలు కోడలు ఇరవై రెండేళ్ల పిల్ల. నేను చెప్పినవన్నీ పదోతరగతి పాత నోటుబుక్కు వెనక పేజీల్లో రాసుకుంది. ముసలమ్మ మాత్రం ఒకటే అడిగింది.

"నీళ్లల్ల ఉండేదానికి ఊపిరాడకపోవుడేంది కొడుకా?"

నీళ్లల్లో కలిసిన గాలినే చేపలు పీలుస్తాయని, నీళ్లు కదులుతుంటేనే ఆ గాలి కలుస్తుందని చెప్పాను. తలూపింది. అర్థమైందని నేననుకోలేదు.

ఖాళీ గోడ చూస్తే నా భార్యకి ఇల్లు పెద్దదైనట్టుందట. నాకు మాత్రం కాలు నిలవలేదు. ల్యాబులో ద్రావణం చుక్కచుక్కగా పోస్తూ రంగు మారే చోట ఆపాల్సింది, దాటిపోయి రెండుసార్లు మళ్లీ మొదలుపెట్టాను. ఆ వారంలోనే మూడుసార్లు స్కూటరేసుకుని భానూర్ వెళ్లాను. ఒకసారి ఉప్పు ప్యాకెట్ మర్చిపోయానని, ఇంకోసారి అటే పనుందని. వెళ్లగానే హైడ్రోమీటరు ముంచేవాణ్ని. మేత ఎక్కువ వేస్తున్నారని కోడలికి చెప్పేవాణ్ని. ఆ పిల్ల "సరే అన్నా" అని రాసుకునేది.

నాలుగోసారి పటేలు చాయ్ తెప్పించి, నేను తాగేదాకా ఆగి అడిగాడు.

"సారూ, ఏమనుకోవద్దు. గిది నాకు అమ్మినవా, కిరాయికిచ్చినవా?"

నాకు తల కొట్టేసినట్టైంది. ఇక రానని చెప్పలేదు గానీ వెళ్లడం మానేశాను. తర్వాత పదిరోజులు ఎలా గడిచాయో నాకే తెలుసు. సాయంత్రాలు మేడ మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడిచేవాణ్ని. భానూర్ వైపు దీపాలు వెలుగుతున్నాయో లేదో చూసేవాణ్ని, అంత దూరం కనిపించదని తెలిసినా.

పదకొండో రోజు మొదటి షిఫ్టు. సెల్‌ఫోన్లు గేటు దగ్గర ఇచ్చి లోపలికి వెళ్లాలి. మధ్యాహ్నం రెండింటికి బయటికొచ్చి ఫోను తీసుకుంటే, పటేలు ఇంటి నుంచి ఏడుసార్లు వచ్చిన కాల్స్ కనిపించాయి. తిరిగి చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఇంటికి వెళ్లకుండా నేరుగా భానూర్ దారి పట్టాను. దారిపొడుగునా పటేలుని తిట్టుకున్నాను. ఆ ధాబా ఆయనకిచ్చినా ఇంతే కదా అనుకున్నాను.

తలుపు తీసే ఉంది. కోడలు స్టూలు మీద నిలబడి, ఇత్తడి చెంబుతో తొట్టిలోంచి నీళ్లు ముంచి, మూరెడు పైనుంచి మళ్లీ అందులోకే పోస్తోంది. ముసలమ్మ పక్కన కుర్చీలో కూర్చుని చేతులు ఒత్తుకుంటోంది. చేపలు ఐదూ తిరుగుతున్నాయి.

"ట్రాన్స్‌ఫార్మర్ కాలిందట అన్నా. పొద్దుగాల తొమ్మిదింటికి పోయింది కరెంటు. నీకు జేస్తే ఎత్తకపోతివి. ఇగ చేతులు ఖాళీ లేక ఫోను దిక్కు పోలే," అంది కోడలు, చెంబు ఆపకుండానే. "మామ కరెంటాఫీసుకు పోయిండు. నేను జెరసేపు, అవ్వ జెరసేపు పోస్తున్నం."

"ఐదు గంటలనుంచీనా?"

ముసలమ్మ నావైపు విడ్డూరంగా చూసింది. "మోటర్ జేసే పని ఏంది కొడుకా? నీళ్లు తోడి పోసుడే గద. జిందగంత నేను గదే జేసిన."

నేను చొక్కా చేతులు మడిచి చెంబు అందుకున్నాను. అరగంట పోసేసరికే భుజం లాగేసింది. కోడలు నవ్వకుండా చెంబు తీసుకుంది. నాలుగున్నరకి కరెంటొచ్చింది.

ఇంటికి వెళ్లేసరికి నా భార్య గుమ్మంలో నిలబడి ఉంది. ఎక్కడికెళ్లానో తనకి తెలుసు.

"చచ్చిపోయాయా?"

"లేదు. వాళ్లు బతికించారు."

"మరి ముఖం అలా పెట్టారేం?"

అవి చావనందుకు సంతోషమే. నేను లేకుండా బతికినందుకు మాత్రం లోపల ఏదో కలుక్కుమంది. ఆమాట పైకి అనడానికి సిగ్గేసింది.

మాకు అమ్మాయి పుట్టింది. పాపకి మూడో నెలలో కోడలు ఫోన్ చేసింది.

"అన్నా, రాయి మీద నారింజ రంగు గింజల లెక్క ఏందో అంటుకుంది. గీకాల్నా?"

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. "గీకొద్దమ్మా. అవి గుడ్లు."

నాలుగేళ్లు నా దగ్గరున్నా ఆ జంట ఎప్పుడూ గుడ్లు పెట్టలేదు. నా భార్య పాపని ఎత్తుకుని, "పదండి, నేనూ చూస్తాను," అంది. ముసలమ్మ పాపని ఒళ్లో వేసుకుంది. మేం తొట్టి ముందు నిలబడ్డాం. మగచేప రాతికి అంటుకుని రెక్కలతో గుడ్లకి గాలి విసురుతోంది. ఉప్పు ఎంతుందో చూస్తానని నోటిదాకా వచ్చింది. కోడలు అప్పటికే చూసి, గోడమీది క్యాలెండరులో ఆరోజు గడిలో పెన్సిలుతో వేసిపెట్టింది.

ఆరోనాటికి గుడ్లు మాయమయ్యాయి. ఆ సంగతి చెప్పడానికి తనే ఫోన్ చేసింది. నేను కారణాలు చెప్పబోతుంటే, "పోనీ తియ్ అన్నా, మల్ల పెడ్తయి," అంది.